నోరు తిరగని మనిషి

"ఇన్ని నీళ్లు పొయ్యి తల్లీ."

గడప బయట ఎవరో ముసలామె. మోకాళ్ల దాకా దుమ్ము.

"నీళ్లు అడగనీకె గిదే యాళ్ల దొరికిందా నీకు? లోపల కోడలు నొప్పులు పడ్తుంది" అని కసిరింది రిబ్కమ్మ.

కసిరినా ముంత నింపి తెచ్చింది. ముసలామె దోసిలి పట్టి తాగింది. తడిచేతులు కళ్లకద్దుకుని, అక్కడే అరుగు మీద కూలబడింది.

నారాయణఖేడ్‌లో ఆ వాడకంతా అదొక్కటే కిరస్తానీ ఇల్లు. పోయినేడే సామి వచ్చి ఇంటిల్లిపాదికీ బాప్తిస్మం ఇచ్చి వెళ్లాడు.

ఇప్పుడు కోడలు లీలమ్మకు నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. సామి కంగ్టి వైపు మకాం ఉన్నాడని తెలిసి, రిబ్కమ్మ కొడుకు జగన్నాథ్ చీకటితోనే ఉరికాడు.

రిబ్కమ్మకు ఒకటే భయం. బిడ్డ దక్కకపోతే పోయె. సామి నీళ్లు తల మీద పడకుండా మాత్రం పోకూడదు.

బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి.

రిబ్కమ్మ వాడ చివరిదాకా పరుగెత్తి తొవ్వకేసి చూసింది. సామి జాడ లేదు.

తిరిగి వచ్చేసరికి ముసలామె ఇంట్లో ఉంది. బిడ్డ ఆమె ఒడిలో ఉన్నాడు. ముంతలో నీళ్లు వాడి తల మీద పోస్తూ ఏదో గొణుగుతోంది.

మూడోసారి పోసింది. బిడ్డ ఒక్కసారి ఎగశ్వాస తీసి ఆగిపోయాడు.

"బాణామతి!" రిబ్కమ్మ కేక వాడంతా వినిపించింది. "నా మనుమణ్ణి మింగిందిరో!"

పక్కింటి మొగులయ్య, కిష్టప్ప వచ్చిపడ్డారు.

"ఏం సదివినవే?" మొగులయ్య ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"సామి మాటే బిడ్డా..."

"అబద్దం! సామి మాటంటే దొరల బాస. ఎవ్వలకు సమజ్ గాదు. ఇది తెలుగుల గొణిగింది, నేనిన్న" అంది రిబ్కమ్మ.

"అత్తా... కొట్టకుండ్రి..." మంచం మీంచి లీలమ్మ అంది. ఆ గొంతు ఎవరికీ చేరలేదు.

"పటేల్‌కు చెప్దామా?" అన్నాడు కిష్టప్ప.

"పటేల్ దాక ఎందుకు? పండ్లు రాలగొడితే నోరు తిరగది. నోరు తిరగకుంటె మంత్రం పారది" అన్నాడు మొగులయ్య.

"జొన్నరొట్టె ఖర్చు గూడ తప్పుతది ముసల్దానికి" అని నవ్వాడు కిష్టప్ప.

కారం నూరే రాయి రిబ్కమ్మే తెచ్చి ఇచ్చింది.

ముసలామె అరవలేదు. ఒడిలో బిడ్డ మీద నెత్తురు చుక్క పడితే కొంగుతో తుడిచింది. బిడ్డను జాగ్రత్తగా లీలమ్మ పక్కన పడుకోబెట్టింది.

ఆ తర్వాత ఆమెను ఈడ్చుకెళ్లి బోరంచ తొవ్వలో పడేసి వచ్చారు.

పొద్దు వాలుతుండగా జగన్నాథ్ వెంట సామి వచ్చాడు. ఎగువ వానకు వాగు పొంగి ఒడ్డునే ఆగిపోయారట.

బిడ్డను తాకి చూసి సామి తల అడ్డంగా ఊపాడు.

"ప్రాణం పోయాక బాప్తిస్మం ఇవ్వడానికి వీల్లేదు రిబ్కమ్మా."

రిబ్కమ్మ నేలకు తల కొట్టుకుంది. "ఆ బాణామతి ముండ గింత సేపు ఆగనియ్యలే సామీ! మంత్రించి సంపింది!"

లీలమ్మ మోచేతి మీద లేచింది.

"మంత్రం గాదు సామీ. నేను పక్కనే ఉన్న, ఇన్న. 'పిత, పుత్ర, పత్తిరాత్మ నామమున నీకు బాప్తిస్మం ఇస్తున్న' అన్నది. మాట మాటకు నీళ్లు పోసింది."

సామి ముఖం మారింది.

"పత్తిరాత్మ అన్నదా?"

"అవ్ సామీ. నోరు తిరగలే పాపం."

సామి మంచం పక్కన మోకరించాడు. బిడ్డ నుదుటి మీద సిలువ గుర్తు వేశాడు.

"అయితే వీడికి బాప్తిస్మం అందింది."

"గా ముసల్దాని చేతితోనా?" అన్నాడు జగన్నాథ్.

"ఆపదలో ఎవరు పోసినా చెల్లుతుంది. చెయ్యి ఎవరిదైనా, ఇచ్చేది క్రీస్తే. ఆనాడు సిలువ మీద ఆయన ఇచ్చిందే ఇవాళ ఈ ముంతలోకి వచ్చింది."

రిబ్కమ్మ చూపు మూలనున్న రాయి మీద పడింది. ఎవరూ దాన్ని కడగలేదు.

"అంటే... నేను కొట్టిచ్చింది ఎవల నోరు సామీ?"



ఎక్కడ పడేశారో కిష్టప్పను అడిగి జగన్నాథ్ బోరంచ తొవ్వకు పరుగెత్తాడు. చీకటి పడకముందే నడుచుకుంటూ తిరిగొచ్చాడు.

"తంగేడు చెట్ల కాడ ఉంది. పాణం లేదు. చేతులు దోసిలి పట్టినట్టే ఉన్నయి."

రిబ్కమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"మనోళ్ల మనిషే గదా సామీ. నా మనుమని పక్కనే పెడదాం. మీరు ఆమెకు బాప్తిస్మంల పెట్టిన పేరేందో చెప్పుండ్రి, ఆ పేరుతోని ఏడుస్త."

చెప్పడానికి సామి దగ్గర పేరు లేదు; పవిత్రాత్మ అనడానికి నోరు తిరగడం లేదని ఏటేటా బాప్తిస్మం ఇవ్వకుండా, నిన్న కూడా ఆయన వెనక్కి పంపించింది ఆమెనే.