ఆగమ్మకు ముందే తెలుసు

సోమవారం మధ్యాహ్నం రావలసిన ఎపిసోడ్ శుక్రవారం పొద్దున్నే హైదరాబాదు పాతబస్తీ గౌలిపురలో వచ్చేసింది. టీవీలో కాదు, ఆగమ్మ దొడ్లో, పాలగిన్నెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల మధ్య.

ఐదుగురు ఆడపిల్లల తల్లి, ఆమె పెళ్లిళ్ల తాపత్రయం, నోరున్న రెండో పిల్ల, ఆ పిల్లను మొదటి చూపులోనే తీసిపారేసిన డబ్బున్న పొగరుబోతు. ఇదీ సీరియల్ కథ. 2003లో అది వచ్చే వేళకు ఛత్రినాక నుంచి హుస్సేనీ ఆలం దాకా ఇళ్లలో మిక్సీలు ఆగిపోయేవి. పొగరుబోతు వచ్చి పెళ్లి చేసుకుంటానంటే రెండో పిల్ల మొహం మీదే కాదంటుందని సీరియల్ ఆఫీసులో నలుగురికే తెలుసు. ఐదో మనిషి ఆగమ్మ. ఎనిమిది గేదెలున్న మనిషి, అక్షరం ముక్క రాదు.

"ఇది మూడోసారి," అన్నాడు రచయిత ఉమాపతి. "ఇంకోసారి బయటికి పొక్కితే ఆపేస్తామని చానెల్ వాళ్లు ఉత్తరం రాశారు. నా బుర్రలో పుట్టిన కథ శశిధర్ గారూ, పాలవాళ్ల నోట్లో పడింది."

శశిధర్ ఆ సీరియల్‌కు మేనేజరు. ఆయన అనుమానం తిన్నగా స్వీటీ మీదికి వెళ్లింది. స్క్రిప్టు టైపు చేసేది స్వీటీ. ఉండేది ఆగమ్మ ఇంటికి మూడిళ్ల అవతల. రోజూ పొద్దున్నే ఆమె దగ్గరే పాలు పోయించుకుంటుంది. ఇంకేం కావాలి?

పిలిచి అడిగాడు.

"నేనెవ్వరికి చెప్పలే సార్. ప్రామిస్. మా మమ్మీ అడిగినా చెప్పలే."

"మరి ఆగమ్మకు కలొచ్చిందా?"

స్వీటీ తండ్రి మంచాన పడ్డప్పటి నుంచి ఆ ఇల్లు నడిచేది ఆమె ఉద్యోగం మీదే. ఆ సంగతి శశిధర్‌కు తెలుసు. తెలిసి కూడా, తల వంచుకున్న ఆ పిల్లలో ఆయనకు తప్పే కనిపించింది.

ఉమాపతి మీద మాత్రం ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఆ మనిషి రాసే తీరే వేరు. అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి పక్కన పెట్టుకుంటాడు. నిఘంటువట. ఒక పేజీ తిప్పుతాడు, కాసేపు ఆలోచిస్తాడు, అప్పుడు రాస్తాడు. అక్కకు జ్వరమని తెలిసి రెండో పిల్ల మూడు మైళ్లు బురదలో నడిచి వెళ్లిందని రాస్తే, "ఆటో ఎక్కొచ్చు కదండీ," అన్నాడు శశిధర్ ఒకసారి. ఉమాపతి చాలాసేపు గడ్డం గోక్కుని, ఆ రోజుకి ఆటోల బంద్ పెట్టాడు. ప్రతిభ అంటే ఇదీ అనుకున్నాడు శశిధర్.

ఇద్దరూ కలిసి ఒక ఎత్తు వేశారు. చివరి రెండు వారాల కథను ఉమాపతి చేత్తోనే రాసి, కవరులో పెట్టి అంటించాడు. స్వీటీ కంట పడనివ్వలేదు. శశిధర్ కూడా చదవలేదు. ఇప్పుడు ఆగమ్మ నోట ఆ కథ రాకపోతే దొంగ స్వీటీయే. ఆమెను ఉద్యోగం నుంచి తీసేస్తూ సంతకం చేసిన కాగితాన్ని, ఆ కవరునీ ఒకే సంచీలో పెట్టుకుని గౌలిపుర వెళ్లాడు శశిధర్.

ఆగమ్మ గేదెకు కుడితి పెడుతోంది.

"సీరియల్ చివర ఏమవుతుందమ్మా? మా ఇంట్లో ఆడవాళ్లు అడిగి రమ్మన్నారు," అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"కూసో బిడ్డా," అంటూ పీట జరిపింది ఆగమ్మ. "చిన్నపిల్ల ఉన్నది సూడు, అది మిలిటరోనితోని లేసిపోతది. ఇజ్జత్ పాయెనని తల్లి ఒకటే లొల్లి. గా పొగరుబోతోడే ఎవ్వలకు ఎరుక లేకుండ ఆళ్ల లగ్గం జేపిస్తడు. ఇగ వాని మేనత్త గుర్రాల బగ్గీల దిగుతది. మా పిలగాన్ని చేసుకోనని మాటియ్యి అంటది. రెండో పిల్ల ఇయ్యనంటది. గా సంగతి ఇని వానికి మల్ల ఆశ పుడ్తది. వచ్చి అడుగుతడు. ఈసారి పిల్ల ఒప్పుకుంటది. ఫికర్ జెయ్యొద్దని చెప్పు ఇంట్ల."

శశిధర్ గోడ వైపు తిరిగి కవరు చింపాడు. అన్నీ ఉన్నాయి. లేచిపోవడం, గుట్టుగా చేయించిన పెళ్లి, మేనత్త, మాట ఇవ్వననడం. మిలిటరీవాడి చోట ఎస్సై ఉన్నాడు, బగ్గీ చోట కారు ఉంది. అంతే తేడా. ఈ రోజుల్లో గుర్రాల బగ్గీ ఎక్కడిదని కూడా ఆయనకు తోచలేదు.

అంటే స్వీటీ కాదు. ఆ పిల్ల ఈ కాగితాలు చూడనే లేదు. ఇక మిగిలింది ఇద్దరే, రాసినవాడూ మోసినవాడూ. ఒక్క క్షణం ఆయనకు తన మీదే అనుమానం వచ్చింది.

"నిజం చెప్పమ్మా. ఒక ఆడపిల్ల ఉద్యోగం పోతుంది. నీకీ కథ ఎవరు చెప్పారు?"

ఆగమ్మ కుడితి చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆయన వైపు వింతగా చూసింది.

"ఒకలు చెప్పుడేంది బిడ్డా, మా మనుమరాలు డిగ్రీల ఇంగ్లీషు పరీక్ష మూడుసార్లు తప్పి, మూడేండ్లు గీ దొడ్లెనే కూసోని, రెండొందల ఏండ్ల కింద ఎవలో తెల్ల దొరసాని రాసిన గీ కథనే, మా బర్రెలకు సుత నోటికొచ్చేదాక తెలుగుల అర్థం జెప్పుకుంట సదివింది."