అంచుల్లో జవాబులు

దుప్పటి మారుద్దామని పరుపెత్తితే నవల కనిపించింది. అట్ట మీద పొడుగు కోటు వేసుకున్న అమ్మాయి, వెనకంతా మంచు. లోపల జోగులు అద్దె పుస్తకాల షాపు ముద్ర.

అచ్చియమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దాచుకుని చదివే పుస్తకంలో మంచి ఏముంటుంది?

కూతురు లోవలక్ష్మి డాబా మీద వడియాల మీద కాకులు వాలకుండా కాపలా ఉంది. ఇప్పట్లో దిగదు. అచ్చియమ్మ గుమ్మంలో కూర్చుని, తన ఐదో తరగతి చదువుతో అక్షరం మీద వేలుపెట్టి చదవసాగింది.

ఓ పిల్ల డాక్టరు చదువుకి లండన్ వెళ్తుంది. దిగిన రోజే మంచులో జారిపడితే ఓ కుర్రాడు లేవదీస్తాడు. ఇంక చదువు ఊసే లేదు. ఎన్ని పేజీలు తిప్పినా ఆ పిల్ల ఒక్క పుస్తకం తెరవలేదు, తల్లికి ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. ఆ తల్లి ఉందో పోయిందో కూడా రాసినవాళ్ళు చెప్పలేదు. అచ్చియమ్మకి ఆమె మీదే బెంగ పట్టుకుంది.

భయపడాల్సింది కథ గురించి కాదని నలభయ్యో పేజీలో తెలిసింది.

అద్దె నవలల అంచుల్లో తోచింది రాయడం ఊళ్ళో అందరికీ అలవాటే. హంతకుడెవరో ముందే రాసేసి కక్ష తీర్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ పుస్తకం మాత్రం నూనె మరకైనా లేకుండా, మూలలు నలక్కుండా ఉంది. అంచున పెన్సిలుతో లోవలక్ష్మి గుండ్రటి రాత: "మంచు ఎలా ఉంటుందో?"

దాని కింద నీలం సిరాతో, కోడి కెలికినట్టున్న ఇంకో రాత: "నీతో కలిసి చూద్దామని ఆగాను."

అచ్చియమ్మ గబగబా పేజీలు తిప్పింది.

"ఈ వారం నాతో ఎవరూ మాట్లాడలేదు."

"నేను మాట్లాడుతున్నాగా."

"విశాఖలో సీటు గుర్తొస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది."

"ఏడువు. ఎవరికీ చెప్పను."

ఆఖరి పేజీలో పెన్సిలు అడిగింది: "ఎప్పుడు కలుద్దాం?" సిరా జవాబిచ్చింది: "నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

ఎంత కాపలా కాసింది తను! డిగ్రీ సీటొస్తే, హాస్టల్ తిండికి జబ్బు చేస్తుందని, బస్సు బోల్తా పడుతుందని పంపలేదు. స్నేహితురాలు కొండలమ్మకి పెళ్ళికాని అన్న ఉన్నాడని ఆ రాకపోకలు ఆపించింది. పలక పట్టిన రోజుల్లో ఎడమచేత్తో రాస్తుంటే, రేపు అత్తారింట్లో వంక పెడతారని ఆ చేతికి గుడ్డ కట్టి మాన్పించింది. ఇంత చేసినా, ఎవడో పరుపు కిందికే వచ్చేశాడు. ఈపాటికి బస్సు టిక్కెట్లు కూడా కొనేశాడేమో.

కరివేపాకు తెస్తానని కిందనుంచే చెప్పి, పుస్తకం కొంగులో చుట్టుకుని బయల్దేరింది. దారిలో ఎదురైన ప్రతి కుర్రాడి జేబులోనూ నీలం పెన్ను ఉందేమోనని చూసింది. ఇద్దరి జేబుల్లో ఉంది.

జోగులు పాత వారపత్రికలకి దారం కుడుతున్నాడు.

"ఏటమ్మా, మీరొచ్చారు? పాపకి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఈ పుస్తకం ఎవులెవులు పట్టుకెళ్తారో సెప్పు బాబూ."

జోగులు అట్ట చూసి మొహం చిట్లించాడు. లండన్ అంటే ఎగబడతారని కొత్తదే తెప్పించాడట. దాని సంగతి అడగొద్దన్నాడు.

అచ్చియమ్మ గొంతు తగ్గించింది. తను గొడవ చెయ్యదనీ, ఆ కుర్రాడి ఇల్లు చూపిస్తే వాళ్ళమ్మతో మాట్లాడుకుంటాననీ బతిమాలింది. అతను ఏ కుర్రాడని అడుగుతున్నా వినిపించుకోలేదు.

"బేగి సూడు బాబూ. ఇంటికాడ పిల్ల ఒక్కర్తీ ఉంది."

జోగులు పేర్ల పుస్తకం తెరిచి వేలితో కిందికి వెతికాడు. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. మళ్ళీ మొదటికొచ్చి తలెత్తాడు.

"మీ పాప తప్ప దీన్ని ఎవులూ తియ్యలేదమ్మా."