ఎడమ ఆరు, కుడి ఎనిమిది

కింద చెప్పుల కొట్టులోంచి దేవుళ్లు కేకేశాడు.

"దయాకర్ బాబు గారూ! జనం ఫోనుల్లో ప్రకటన నొక్కుతున్నారు, నొక్కినప్పుడల్లా నా డబ్బులు పోతన్నాయి. కొట్టుకి మాత్రం ఒక్కడూ రాడు. ఇలాగైతే మీ ప్రకటనలు నాకొద్దండీ!"

దయాకర్ బాబు మేడ మీదికి వచ్చి కరుణకుమారి ముందు టీ గ్లాసు పెట్టాడు.

"ఇన్నావు కదా. ఏటి సేత్తావో సెయ్యి."

నర్సీపట్నంలో చిన్న దుకాణాలకు ఇంటర్నెట్‌లో ప్రకటనలు వేసిపెట్టడం వాళ్ల జీవనం. ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఆమె తరఫువాళ్లెవరినీ అతను చూసింది లేదు. పని కరుణది, బయటి మాటలన్నీ దయాకర్‌వి. ఆమెను కుర్చీలోంచి లేవనిచ్చేవాడు కాదు. టీ, భోజనం, జ్వరమొస్తే మాత్రలు, అన్నీ తనే తెచ్చేవాడు. ధ్యాస చెదరకూడదని కంప్యూటర్‌లో ప్రకటనల పేజీ తప్ప ఇంకేదీ తెరుచుకోకుండా చేశాడు. ఫోను మోగితే తనే ఎత్తేవాడు.

రేకుల గది ఉడికిపోతోంది. ఈ కొట్టు చేజారితే భర్త కోపం ఎలా ఉంటుందో కరుణకు తెలుసు.

"ఉత్తినే 'చెప్పులు' అని ఎతికేవోళ్లు సూసి పోతారండి," అంది. "ఫలానాదే కావాలని పొడుగ్గా టైపు కొట్టి ఎతికేవోడే కొంటాడు."

"అయితే ఆ పొడుగు మాటలే పెట్టు. బేగి."

పెట్టింది. 'పొలం గట్టు మీద జారని చెప్పులు.' 'మడమలు పగిలినవాళ్లకు మెత్తని చెప్పులు.' ఒక్కొక్కటీ దయాకర్ చదివి తలూపాకే బయటికి వెళ్తోంది. ఒకదాని దగ్గర అతని చూపు ఆగింది.

"'పోలియో కాలికి ఎడమ ఆరు, కుడి ఎనిమిది సైజు బూట్లు.' ఇదేటే? ఎవుడు ఎతుకుతాడు?"

కరుణ తెర మీంచి చూపు తిప్పలేదు.

"అవసరమున్నోడు ఒక్కడు సాలండి. ఇంకెక్కడా దొరకదు, మన కొట్టుకే వొత్తాడు."

ఆ మాట వెతికితే కనబడే ప్రకటన కూడా చదివాడు. 'ఎడమ బూటులో అమ్మ పచ్చచీర పేలిక కుక్కుకునే పని లేదు. దేవుళ్లు చెప్పుల కొట్టు, నర్సీపట్నం. కొలతలు మేడ మీద.'

"పచ్చచీర ఏటి? మేడేటి?"

"సదివినోడికి సొంత ఇల్లు గుర్తొత్తే నొక్కుతాడండి. కొట్టు సరుకు మన పక్క గదిలోనే ఉంది కదా, అందుకని మేడ అన్నాను."

దయాకర్ ఆ ప్రకటన ఇంకోసారి చదివాడు. తర్వాత తలూపాడు.

గట్టు మీద జారని చెప్పుల కోసం నాతవరం రైతులు ఆటోల్లో వచ్చారు. దేవుళ్లు కేకలు ఆగాయి. బూట్ల మాట మాత్రం ఒక్కరూ వెతకలేదు.

"దండగ. తీసెయ్యి దాన్ని," అన్నాడు దయాకర్.

"ఎవరూ నొక్కకపోతే ఖర్చు కూడా లేదు కదండీ. ఉండనీండి."

రోజూ ఆ ప్రకటనను ఎంతమంది నొక్కారో చూసుకునేది. సున్నా. మర్నాడూ సున్నా. అతను అటు తిరిగినప్పుడల్లా చూసేది. డిసెంబరు వచ్చింది. కింద క్రిస్మస్‌కి కొత్త చెప్పులు కొనేవాళ్ల సందడి.

ఒక ఉదయం సున్నా ఉన్నచోట ఒకటి ఉంది. నొక్కినవాళ్ల ఊరు యలమంచిలి, తను పుట్టి పెరిగిన ఊరు.

దయాకర్ అన్నం పళ్లెంతో వచ్చేలోపు ఆ పేజీ మూసేసింది. అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఏటయింది?"

"ఏం లేదండి. ఎండ."

"డిసెంబరులో ఎండేటి?" అంటూనే అతను పళ్లెం తీసుకుని కిందికి వెళ్లాడు.

కాసేపటికి కొట్టు ముందు జీపు ఆగింది. దయాకర్ గొంతు ఒక్కసారి పైకి లేచి, అణిగిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. కరుణ లేచి, మూసి ఉన్న తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

వెంట వచ్చిన పోలీసులు ఆగమంటున్నా వినకుండా, పోలియో కాలు ఈడ్చుకుంటూ పైకి వచ్చిన ఆమె తమ్ముడు యేసురాజు, పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ తలుపుకు బయట వేసి ఉన్న తాళాన్ని రాయితో బద్దలు కొట్టాడు.