చన్నీళ్ళ స్వెట్టరు

"ఇరవై నిమిషాలైంది. ఈపాటికి అద్దం వెచ్చబడాలే!" వాషింగ్ మెషిన్ తలుపు మీద అరచెయ్యి ఆనించి అన్నాడు మెకానిక్.

"నెలనుంచీ ఇదే వరస," అంటూ ఇంటావిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

వెనక మూత విప్పి చూశాడు. హీటరు నిక్షేపంలా ఉంది. ముందువైపు ఆవిడ అరవై డిగ్రీల మీద పెట్టిన మీట మాత్రం చన్నీళ్ళ దగ్గరుంది. మెకానిక్ పక్కనే ఉన్న ఇంటాయన వైపు తిరిగాడు.

"నేనే తిప్పాను," ఆయన గొంతు తగ్గించాడు. "లోపల తను అల్లిన స్వెట్టరుంది. ఇంతకుముందు అల్లినదాన్ని నేనే వేడినీళ్ళలో వేసి కుదించేశాను. పాపం, కొలత తప్పాననుకుని మళ్ళీ అల్లింది. ఇది చేతులు వేలాడుతున్నా నోరు మెదపకుండా వేసుకుంటున్నాను."

వంటింట్లోంచి కేక వినిపించింది.

"అరవై మీదే పెట్టు బాబూ! ఆయన సంగతి తెలిసే ఈసారి జానెడు పెద్దది అల్లాను."