ట్రక్కులో పెట్టి రా

"చొక్కా కింద ఆ ఎత్తేమిటి అబ్బాయ్?"

కాపలా డ్యూటీలో ఉన్న వెర్నా చెయ్యి అడ్డం పెట్టేసరికి, లోపలికి దూసుకురాబోతున్న మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. కుర్రాడే. గడ్డం నున్నగా గీసుకున్నాడు. టై కట్టుకున్నాడు గాని, ఆ మెడకి అది కొత్తని చూస్తేనే తెలుస్తోంది.

"పిస్టల్ మేడమ్. లైసెన్సుంది." కార్డు తీసి చూపించాడు. పేరు లైల్ ప్రూయిట్.

"ఉంటే ఉంది. ఇవాళ మంగళవారం. పైన కోర్టు. కోర్టున్న రోజు తుపాకీ గడప దాటకూడదు. బోర్డు కనబడలా?"

లైల్ నుదురు కొట్టుకున్నాడు. ఎల్డర్ కౌంటీ భవనంలో ఈ తంటా ఎప్పుడూ ఉండేదే. కింద పన్నుల ఆఫీసు, పైన కోర్టు గది. మిగతా రోజుల్లో లైసెన్సున్న వాడెవడైనా నడుముకి తుపాకీతోనే వచ్చి పన్ను కట్టి పోవచ్చు. మంగళవారం మాత్రం కుదరదు. పొద్దున్నే బెల్టుతో పాటు దాన్నీ అలవాటుగా తగిలించుకొచ్చేవాళ్లు ప్రతి వారం తగులుతూనే ఉంటారు. నాలుక్కరుచుకుని, వెళ్లి బండిలో పెట్టేసి వస్తారు.

ఇతను కదల్లేదు.

"మీ దగ్గర ఉంచరా మేడమ్? ఆ సొరుగులో పడేసి తాళం వేసెయ్యండి. ఇట్టే వచ్చి తీసుకుంటా."

"నేనేమన్నా సామాన్లు దాచే కొట్టు పెట్టానా? ఎవరి తుపాకీ నేను ముట్టుకోకూడదు. ట్రక్కులో పెట్టి రా."

"ట్రక్కులో వద్దు మేడమ్."

"ఏం?"

"డ్యాష్‌బోర్డు అర తాళం పాడైంది."

బెంచీ మీద కాఫీ తాగుతున్న హార్లన్ కిసుక్కున నవ్వాడు. ఏళ్ల తరబడి ఇదే గుమ్మం కాసి రిటైరైన ముసలాయన. ఇంట్లో తోచక రోజూ వచ్చి ఇక్కడే కూర్చుంటాడు.

"షెరీఫాఫీసు ఎదురుగా ఆపిన బండిలో దొంగతనం చేసే మొనగాడు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదులే నాయనా!"

లైల్ నవ్వలేదు. అద్దాల తలుపులోంచి బయటికి చూశాడు. వెర్నా కూడా చూసింది. అతని చిన్న నీలం పికప్ ట్రక్కు. ఆ చలిలో వెనక గొట్టంలోంచి తెల్లగా పొగ వస్తోంది.

"ఇంజనెందుకు ఆపలేదు?"

"ఆపితే మళ్లీ స్టార్టవదు మేడమ్."

వెర్నా మనసు కీడు శంకించింది. తుపాకీ వదలనంటాడు. బండి పరుగుకి సిద్ధంగా ఉంచాడు. మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. పక్క కౌంటీలో ఒకడు ఇలాగే లోపలికొచ్చి జడ్జిని కాల్చాడు. ఆ రోజు గుమ్మంలో ఉన్న మనిషి ఇప్పటికీ ఎవరి మొహం చూడలేక తిరుగుతున్నాడు. అలాంటి బతుకు తనకి రాకూడదు.

"పైన నీకేం పని?"

"నా కూతురి కేసు. మేసీ. నాలుగేళ్లు. వాళ్లమ్మ పోయింది. అమ్మమ్మా తాతయ్యా పిల్లని తమకిచ్చెయ్యమంటున్నారు. పిలిచినప్పుడు నేను లేకపోతే అంతే, వాళ్లకిచ్చేస్తారు."

"నీకు పెంచడం చేతకాదనా?"

"అవును." అతను టై ముడి సర్దుకున్నాడు. "మగాడు ఒక్కడే ఏం చూసుకుంటాడు, ఎక్కడో అక్కడ ఒదిలేస్తాడు అంటున్నారు."

కడుపు మండిన తండ్రి. అనుమానం ఇంకా ముదిరింది.

"పిల్లేది మరి?"

"మా అక్క దగ్గరుంది."

"నయం, ఇక్కడికి తేలేదు. మొన్న ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకొస్తే జడ్జిగారు అందరి ముందూ కడిగేశారు. పిల్లల కేసులకి పిల్లలు రాకూడదంటారాయన."

"తెలుసు మేడమ్. లాయరు చెప్పాడు."

మెట్ల మీంచి కోర్టు బంట్రోతు కేకేశాడు. "ప్రూయిట్! ప్రూయిట్ వచ్చాడా?"

"మేడమ్, బతిమాలుకుంటున్నా. గుళ్లు తీసేసి ఇస్తా, ఉంచండి."

"గుళ్లు తీసేసినా సరే, లోపలికి రాకూడదు. ట్రక్కులో పెట్టి రా, లేదా ఇంటికి పో. మూడో మాట లేదు."

అతను మెట్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత ట్రక్కు దగ్గరికి ఒక్క పరుగు తీశాడు.

వెర్నా అద్దంలోంచి కళ్లప్పగించి చూసింది. తలుపు కొంచెమే తెరిచాడు. లోపలికి వంగి చాలాసేపు ఏదో సర్దాడు. తలుపు చప్పుడు కాకుండా మెల్లగా నొక్కి మూశాడు. ఇంత నాజూగ్గా బండి తలుపు వేసే మనిషిని ఈ కౌంటీలో ఆవిడ చూడలేదు.

"ఎక్కడ పెట్టావ్?" ఆయాసపడుతూ వచ్చినవాణ్ణి నిలేసింది.

"సీటు కింద."

"బూట్లు విప్పు. చేతులెత్తు."

ఒళ్లంతా తడిమింది. బూట్లు దులిపింది. ఏమీ లేదు. అతను ఆ కాసేపట్లోనూ తలుపు వైపే చూశాడు. వదలగానే బూట్ల తాళ్లు కట్టుకోకుండానే మెట్లెక్కేశాడు.

"హడలగొట్టి చంపావు కదే పాపం కుర్రాణ్ణి," అన్నాడు హార్లన్.

"నీకేం పెద్దాయనా, కూర్చుని కబుర్లు చెబుతావు. ఆ తుపాకీ ఇప్పుడు ఎవరికీ అందదు. నాకు అదే చాలు."

పైన అతని పేరు మళ్లీ పిలిచారు. "వచ్చానండీ!" అన్న గొంతు వినిపించింది. వెర్నాకి ఒళ్లు తేలికపడింది. జాలి కూడా వేసింది. అంత ఆత్రపడే తండ్రికి బిడ్డ దక్కాలని నిజంగానే మనసులో కోరుకుంది. కప్పులో కాఫీ పోసుకుని, అద్దాల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

నీలం ట్రక్కు కిటికీలో ఓ చిన్న తల పైకి లేచింది.