నలభయ్యో పేజీ

నలభయ్యో పేజీ తెరిచే ముందు ఆమె ఓసారి చుట్టూ చూసింది. నవలల బీరువాల మధ్య ఎవరూ లేరు. గబుక్కున తిప్పింది.

ఉంది. పేజీ అంకె కింద ఆవగింజంత ఎర్ర చుక్క.

ఒళ్ళు ఝల్లుమంది. ఆ వెంటనే వేలికున్న కొత్త ఉంగరం కంటబడి సిగ్గేసింది.

ఈ లైబ్రరీలో ఎవరో కొన్ని నవలల్లో, సరిగ్గా నలభయ్యో పేజీలో, ఇలా చుక్క పెడుతున్నారని నాలుగేళ్ళ కిందట కనిపెట్టింది. చుక్క ఉన్న ప్రతి పుస్తకమూ ఆమెకు ప్రాణమైపోయింది. వాటిలో పెద్దగా ఏమీ జరగదు. ఒక కిటికీ, ఒక వాన, పెదవి దాకా వచ్చి ఆగిపోయిన ఒక మాట. స్నేహితురాళ్ళు రెండు పేజీలు చదివి "నస" అని తిరిగిచ్చేసేవాళ్ళు. ఈ ఊళ్ళోనే తనలాంటి మనసు ఇంకొకటుందని ఆమెకు నమ్మకం. మొదటి పేజీల నిండా టీ మరకలు, బిస్కెట్ పొడి. నలభై దాటాక ఒక్క మరకా ఉండదు, కాగితం కొత్తదానిలా ఉంటుంది. 'కథలో పడి టీ సంగతే మర్చిపోయుంటాడు' అనుకుని మురిసిపోయేది.

ఏడు వారాల కిందట పెళ్ళయింది. భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. నవ్విస్తాడు. పొద్దున్నే ఆమె కళ్ళజోడు తుడిచి మరీ చేతికిస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆమెకు గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది. కానీ ఆయన చదివేవన్నీ హత్యలు. మొదటి పేజీలోనే శవం పడాలి.

పెళ్ళయిన వారానికి, తనకెంతో ఇష్టమైన నవల కొని తెచ్చి ఇచ్చింది. పావుగంట తర్వాత చూస్తే టీ కప్పు పొట్ట మీద, నవల ముఖం మీద గుడారంలా, లోపల్నుంచి గురక.

"ఎలా ఉందండీ?"

"చాలా ప్రశాంతంగా ఉంది టీచరమ్మా."

అప్పటికి నవ్వేసింది. తర్వాత స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది. తొందరపడ్డానా? కాస్త ఆగుంటే ఆ చుక్కల మనిషి ఎదురయ్యేవాడా? అప్పట్నుంచీ ఆ ఆలోచన పంటికింద రాయిలా తగులుతూనే ఉంది. ఇవాళ కూడా స్కూల్లో మీటింగుందని ఆయనతో అబద్ధం చెప్పి వచ్చింది.

"అదీ పాడుచేశాడా అమ్మాయ్?"

వెనక లైబ్రేరియన్. ఆమె ఉలిక్కిపడి పుస్తకం మూసేసింది.

"దొరికాడులే. రిజిస్టరంతా తిరగేశాను. చుక్కలున్నవన్నీ నీకన్నా ముందు ఒకే కార్డు మీద వెళ్ళాయి. అయిదింటికి రమ్మన్నాను. కార్డు చింపి చేతిలో పెడతా."

"ఎ... ఎవరు మేడమ్?"

"వచ్చాక నువ్వే చూద్దువుగాని. చూడ్డానికి పెద్దమనిషే!"

గోడ గడియారంలో అయిదుకి ఏడు నిమిషాలు తక్కువ. ఆమె బీరువా చాటుకి జరిగి అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, ఆ చుక్కలాయన ఇక్కడికి వస్తున్నాడే."

"వస్తే? నువ్వు బయటికి నడు."

"ఒక్కసారి చూసి వచ్చేస్తాను."

"మీ ఆయన్ని కూడా ఒక్కసారి చూస్తానన్నావు. నెల తిరక్కుండా పెళ్ళి చేసుకున్నావు. నడు ముందు!"

అక్క చెప్పింది నిజం. చూశాక ఏమవుతుందో తనకే తెలియదు. ఇంటికెళ్ళి, కళ్ళజోడు తుడిచిచ్చే ఆ చేతుల్ని మునుపటిలా చూడగలదా? పుస్తకం గుండెకి హత్తుకునే గుమ్మం దాకా వచ్చేసింది.

అద్దం తలుపు అవతల భర్త మెట్లెక్కుతున్నాడు.

స్కూలుకి ఫోన్ చేసుంటాడు. మీటింగు లేదని తెలిసిపోయుంటుంది. ఈ లైబ్రరీ ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదనుకుందే! ఒక్క పరుగున పత్రికల స్టాండు వెనక్కి దూరింది.

ఆయన ఆమెని వెతకలేదు. తిన్నగా లైబ్రేరియన్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"రండి సార్. ఈ చుక్క ఎవరి ఘనకార్యం?"

"నాదేనండీ." ఆయన తల దించుకుని, దుకాణంలో అద్దాల మీద గుర్తులు పెట్టే ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పయిపోయింది."

స్టాండు వెనక పుస్తకం ధబ్బున కింద పడింది. ఆయన తిరిగి చూశాడు.

"నువ్వా? మీటింగన్నావు?"

ఆమెకి ఆ మాట వినపడితేగా! "మీరా? నాలుగేళ్ళుగా మీరేనా?" కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "చుక్క చూసే తీసుకునేదాన్నండీ ఒక్కో పుస్తకం! అన్నీ నాకు ప్రాణం! ఎవరో ఏమిటో అని నేనిక్కడ చచ్చిపోతుంటే..."

"మీ ఆయనా?" కార్డు సగం చింపిన లైబ్రేరియన్ చేయి ఆగిపోయింది.

"చింపకండి మేడమ్! ఆ చుక్కలు లేకపోతే నేనసలు చదివేదాన్నే కాదు."

లైబ్రేరియన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి, కార్డుకి టేపు అంటించసాగింది.

ఆమె భర్త చేయి పట్టుకుంది. "మరి ఆ రోజు నిద్రపోయినట్టు ఎందుకు నటించారు? ఇలాంటివి ఇష్టమని చెబితే నేనేమన్నా వెక్కిరిస్తానా?"

"నటించడమా?"

ఆయన కింద పడిన నవల తీసి దుమ్ము దులిపాడు. ఆమె ముఖంలోని వెలుగు చూసి ఏదో చెప్పబోయి ఆగాడు. ఆమె కళ్ళజోడు మెల్లిగా తీసి, రుమాలుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు.

"నాకు అట్ట బాగుంటే చాలు. తెచ్చిందే మళ్ళీ తెచ్చేసుకుంటాను, మతిమరుపు టీచరమ్మా," అన్నాడు భయం భయంగా.

"శవం పడుతుందేమోనని నలభై పేజీలు చూస్తాను. చుక్క పెట్టానంటే, అక్కడితో చదవడం ఆపేశానని."