అతుకు పక్కన ముద్ర

“లప్పం. ఇంటి కిటికీలకి పూసే లప్పం.” పాల్సెన్ గోటికి అంటినదాన్ని వాసన చూసి, పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

కీల్ రేవులో, నీళ్లు తోడేసిన డాక్‌లో నిలబెట్టిన కొత్త జలాంతర్గామి అది. సముద్రంలో మందుపాతరలు పసిగట్టకూడదని అయస్కాంతానికి అంటని ఉక్కుతో కట్టారు. నిరుడు దాన్ని నీళ్లలోకి దింపుతూ బ్యాండు కూడా వాయించారు. మొన్న నీళ్ల కిందికి దిగినప్పుడు లోపల పడుకున్న నావికుడి మొహం మీద నీళ్లు కారాయి. ఇప్పుడు రంగు గీకితే ఉక్కు రేకుల అతుకు వెంబడి జానెడు పగులు, పగులు నిండా లప్పం. అతుకులు తనిఖీ చేయడమే పనిగా బతికిన పాల్సెన్ గోటిని ప్యాంటుకి గట్టిగా రుద్ది తుడుచుకున్నాడు.

“ఇరవై ఒక్కమంది, థోడె. ఇరవై ఒక్కమందిని దీన్లో కూర్చోబెట్టి నీళ్ల కిందికి పంపారు. ఛీ.”

“కొత్త ఉక్కు కదండీ, పగుళ్లిస్తుంది,” అన్నాడు మేస్త్రీ థోడె టోపీ సర్దుకుంటూ. “వాన వచ్చేలా ఉంది. మిగతాది రేపు గీకుదాం.”

“పగులు ఉక్కుది. లప్పం ఎవడిది? బాగుందని ముద్ర కొట్టిందెవడు?”

అతుకు గట్టిదని తేలాకే తనిఖీదారు తన పనిముట్ల సంచీలోంచి తన అంకె ఉన్న ఉక్కు ముద్ర తీసి దాన్ని అతుకు పక్కన సుత్తితో కొట్టాలి. ఎన్ని పూతలు రంగు వేసినా అది చెరగదు. పాల్సెన్ అనుమానమంతా తన కింద పనిచేసే తనిఖీదారు యెస్సెన్ మీదే. యెస్సెన్ అంకె ముప్పై నాలుగు.

పాల్సెన్ అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. ‘ఈ అతుకుకి ముద్ర కొట్టిన ........ అంకె మనిషిని ఈ రోజే పనిలోంచి తీసేయాలి. మరే ఓడ దగ్గరికీ రానివ్వకూడదు.’ అంకె వేయాల్సిన చోటు ఖాళీగా వదిలాడు. కింద సంతకం పెట్టి, అలవాటు కొద్దీ పక్కన తన ముద్ర అంకె వేశాడు.

“యెస్సెన్‌కి ఇద్దరు చంటిపిల్లలండీ.”

“దీన్లో వెళ్లినవాళ్లకి లేరా? చూడకుండా ముద్ర కొట్టేవాడి మొహం చూస్తేనే నాకు వాంతొస్తుంది.”

థోడె అదోలా నవ్వాడు. “ఈ అతుకులు వేసినప్పుడు మీ తోటలో స్ట్రాబెర్రీల కాలం. శుక్రవారం మధ్యాహ్నమే పనిముట్ల సంచీ నా బల్ల మీద పడేసి సైకిలెక్కేవారు. మిగిలిన చిల్లర పని నేనే చక్కబెట్టేవాణ్ని.”

“నా స్ట్రాబెర్రీల గోల ఇప్పుడెందుకు? ఆ గీకుడు కత్తి ఇటివ్వు.”

బూడిద రంగు రాలింది. దాని కింద ఎర్ర పూత రాలింది. ఉక్కులో లోతుగా దిగిన అంకె ఒకటి బయటపడింది.

“చూశావా? మూడు. ఇక నాలుగు కనపడటమే తరువాయి.”

థోడె మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పాల్సెన్ ఇంకాస్త గీకాడు. ఊదాడు. బొటనవేలితో తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

కాగితంలో ఖాళీగా వదిలిన చోట వేయాల్సిన అంకె, కింద అతని సంతకం పక్కన అప్పటికే ఉంది.